ఫ్లాట్‌వౌండ్ తీగల మీద పడ్డ నిందలు

తిరుపతిలో బేస్ గిటార్ వాయించే వాళ్లలో ఎవరి దగ్గర ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు బల్లపరుపుగా ఉండే తీగల) మాట ఎత్తినా వచ్చే జవాబు ఒకటే. "వద్దు సామీ, సౌండే రాదు, చచ్చిపోయినట్టుంటాది." పెళ్లి ఆర్కెస్ట్రాల వాళ్లదీ అదే మాట, చర్చిల్లో వాయించే వాళ్లదీ అదే మాట, ఇంజనీరింగ్ కాలేజీ బ్యాండ్ల పిల్లలదీ అదే. ఇంకొంచెం కదిపితే మిగతావి బయటికొస్తాయి: గట్టిగా ఉంటాయి, వేళ్లు నొప్పి పుడతాయి, ఖరీదెక్కువ, శ్రుతి నిలవదు, తీగ చివర ఊడిపోతుంది. ఈ నిందల్లో ఖరీదు సంగతి ఒక్కటే నిజం. మిగతావి చాలావరకు తీగ తప్పులు కావు, బిగించిన చేతి తప్పులు. ఇది చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను.

ముందు ఆ "చచ్చిన సౌండ్" సంగతి తేల్చుకుందాం. ఆ మాట అనే వాళ్ల గిటార్ మీద ఉన్న తీగలు ఎప్పటివో అడగండి. గిటార్ కొన్నప్పుడు వచ్చినవి, లేదా ఎప్పుడో మార్చినవి, మధ్యలో ఒకటి తెగితే దాని స్థానంలో వేరే కంపెనీది వేసినవి. అందరూ మామూలుగా వాడే గుండ్రటి చుట్టు తీగకి, అంటే రౌండ్‌వౌండ్‌కి, ఆ మెరుపు శబ్దం ఇచ్చేది దాని చుట్ల మధ్య ఉండే సందులే, ఆ సందుల్లోకే మన చెమట, చర్మం పొట్టు, దుమ్ము పోయి కూర్చుంటాయి. మే నెల ఎండలో, షామియానా కింద, లైట్ల వేడిలో మూడు గంటలు వాయిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కొన్ని వారాల్లో మెరుపు పోతుంది. ఆ తర్వాత కొందరు తీగలు విప్పి వేడినీళ్లలో ఉడకబెడతారు, కొందరు పెట్రోల్‌తో తుడుస్తారు, మళ్లీ కొద్దిరోజులు మోగుతాయి, మళ్లీ మామూలే. మెరుపు లేని తీగతోనే వీళ్లంతా ఏళ్ల తరబడి వాయిస్తున్నారు, జనం మెచ్చుకుంటున్నారు కూడా. చచ్చిన రౌండ్ తీగకీ కొత్త ఫ్లాట్ తీగకీ తేడా ఏమిటంటే, మొదటిదాంట్లో మురికి ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ పేరుకుని తీగ బరువు సమంగా ఉండదు, అందుకే పై ఫ్రెట్లకు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలకు) పోయేకొద్దీ శ్రుతి తప్పుతుంది. రెండోదాంట్లో మురికి దూరడానికి చోటే లేదు.

తీగ లోపల ఉక్కు కోర్ ఉంటుంది, దాని చుట్టూ ఇంకో తీగ చుడతారు. చుట్టేది గుండ్రటి తీగ అయితే రౌండ్‌వౌండ్, బల్లపరుపు రిబ్బన్ అయితే ఫ్లాట్‌వౌండ్. గుండ్రంగా చుట్టి పైభాగాన్ని అరగదీసిన రకం కూడా ఒకటుంది, హాఫ్‌వౌండ్ అనో గ్రౌండ్‌వౌండ్ అనో అంటారు, దాని జోలికి ఇక్కడ పోను. మన దగ్గర ఈ ఫ్లాట్ తీగను ఏదో విదేశీ వింతలా చూస్తారు గానీ, ఎస్వీ సంగీత కళాశాలలో ఏ వయొలిన్ తీసి చూసినా చుట్టు ఉన్న తీగల మీద చుట్టు బల్లపరుపుగానే ఉంటుంది. బో నడవాలంటే అలా ఉండక తప్పదు. విద్వాంసులు ఒకే వేలితో తీగ పొడుగునా జారుతూ గమకం పలికిస్తుంటే కీచుమనే చప్పుడు మనకు వినపడకపోవడానికి ఆ నునుపు కూడా ఒక కారణం. అన్నమయ్య కీర్తనకు బేస్ పట్టుకుని, రెండు స్వరాల మధ్య జారుడు పలికించాలని రౌండ్ తీగ మీద ప్రయత్నించిన వాళ్లకు తెలుసు, స్వరం కంటే ముందు వేలు రాపిడి స్పీకర్లోంచి బయటికొస్తుంది, మరమేకు మీద గోరు గీసినట్టు.

చరిత్ర చూసినా ఫ్లాటే ముందు. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పుడు దాని మీద వేసింది ఫ్లాట్‌వౌండ్ తీగలే. నిలువు డబుల్ బేస్ వాయించే వాళ్ల చేతికీ చెవికీ అలవాటైంది ఆ నునుపే కదా. రౌండ్‌వౌండ్ బేస్ తీగలు ఊపందుకుంది 1960ల మధ్యలో, ఇంగ్లండ్‌లో రోటోసౌండ్ కంపెనీ, ద హూ బ్యాండ్ జాన్ ఎంట్విజిల్ కలిసి పియానోలా ఖంగుమనే శబ్దం కోసం పనిచేసిన తర్వాత. అంటే రౌండ్ ఒక ప్రత్యేకమైన అవసరం కోసం పుట్టింది. ఆ అవసరం మీకుంటే వాడండి, నాకేం అభ్యంతరం లేదు. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి) వాయించే వాళ్లు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు, ఫ్లాట్ మీద స్లాప్ పలుకుతుంది గానీ మీకు కావలసిన ఆ లోహపు చురుకు ఉండదు.

మన స్టేజీ ఎలా ఉంటుందో ఒకసారి తలుచుకోండి. కీబోర్డు ఆయన ఎడమ చెయ్యి ఖాళీగా ఉంచడు. రిథమ్ ప్యాడ్, దాని పక్కన డోలక్ లేదా తబలా, కాంగో. ఇద్దరు గాయకులు. తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజుల్లో అయితే పక్క వీధిలో డప్పులు. వీటన్నిటి మధ్య రెండు మూడు వేల హెర్ట్జ్ పైన బేస్‌కు చోటెక్కడుంది? ఆ ప్రాంతమంతా గొంతులదీ తాళాలదీ. అక్కడ బేస్ ఏమైనా మెరిసినా మైక్‌సెట్ ఆయన మొదట తగ్గించేది దాన్నే. బేస్ పని కింద ఉంది. అన్నిటికంటే లావైన ఇ తీగ, ఖాళీగా అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటితే, 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, జాతర బాక్సులు చాలావాటికి అంత కిందికి పలికే శక్తి ఉండదు, కాబట్టి జనానికి నిజంగా వినిపించేది దాని పైన ఉండే 82, 124, 165 హెర్ట్జ్‌ల స్వరాంశాలు. ఫ్లాట్ తీగలో ఇవి బలంగా ఉంటాయి. పోయేది పై మెరుపు ఒక్కటే.

"గదిలో వాయిస్తే దుప్పటి కప్పినట్టుంది అన్నా" అని ఒక తమ్ముడు అన్నాడు. గదిలో ఒంటరిగా వాయిస్తే అలాగే ఉంటుంది. పాటలో పెట్టి విను అన్నాను. ఇళయరాజా పాటలు లేకుండా చిత్తూరు జిల్లాలో ఆర్కెస్ట్రా ప్రోగ్రాం అవదు, ఆ పాటల్లో బేస్ ఊరికే తాళానికి తోడు వెళ్లదు, గొంతుకు ఎదురుగా తన పాట తాను పాడుకుంటూ నడుస్తుంది. అలాంటి లైనుకు కావలసింది ప్రతి స్వరమూ గుండ్రంగా, విడివిడిగా, త్వరగా ముగిసిపోయేలా పలకడం. జేమ్స్ జేమర్సన్ పేరు బేస్ వాళ్లందరికీ తెలిసిందే. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు ఆయన వాయించింది 1962 ప్రెసిషన్ బేస్ మీద, లావుపాటి లా బెల్లా ఫ్లాట్ తీగలతో, ఎక్కువగా ఒక్క చూపుడు వేలితో. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రతీతి. ఇది పాతకాలం పాటలకే పనికొస్తుందనే వాళ్లకు ఇంకో పేరు చెప్తాను: ఐరన్ మెయిడెన్ స్టీవ్ హారిస్. అంత గోల చేసే హెవీ మెటల్ బ్యాండ్‌లో, గుర్రపు పరుగు లాంటి ఆ వాయింపు మొత్తం ఫ్లాట్‌వౌండ్ తీగల మీదే. ఆయన మాత్రం జేమర్సన్‌కు పూర్తి వ్యతిరేకం, ఎప్పుడూ కొత్త తీగలే కావాలి. ఒకే జాతి తీగ, ఇద్దరి చేతుల్లో రెండు శబ్దాలు.

సరే, ఏవి కొనాలి? జనం బ్రాండ్ పేరుతో మొదలుపెడతారు, నేను టెన్షన్‌తో మొదలుపెట్టమంటాను. ఒక తీగను ఒకే పొడవులో ఒకే శ్రుతికి బిగించాలంటే ఎంత లాగాలన్నది దాని బరువు మీద ఆధారపడుతుంది. రిబ్బన్ చుట్టులో ఖాళీలు ఉండవు కాబట్టి, అదే లావున్న రౌండ్ తీగ కంటే ఫ్లాట్ తీగ సాధారణంగా బరువెక్కువ, కాబట్టి లాగుడూ ఎక్కువ. రౌండ్‌లో 45-105 (సన్న తీగ, లావు తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వాడే మనిషి ఫ్లాట్‌లో కూడా కళ్లు మూసుకుని 45-105 కొంటాడు, బిగించగానే గట్టిగా అనిపిస్తుంది, ఫ్లాట్స్ ఇంతే అని తేల్చేస్తాడు. ఒక మెట్టు దిగి 45-100 కొని ఉంటే ఆ మాట వచ్చేది కాదు. డాడారియో క్రోమ్స్‌లో ఆ సైజు దొరుకుతుంది. ఫ్లాట్లలో కాస్త మెరుపున్నది కూడా అదే, రౌండ్ నుంచి మారే వాళ్లకు నేను మొదట చెప్పే పేరు. లా బెల్లా డీప్ టాకిన్ బేస్ వరసలో 43-104, 45-105, 49-109 అని సైజులున్నాయి, జేమర్సన్ లావు కావాలంటే 52-110 విడిగా అమ్ముతారు, దాని మీద ఎడమ చేతికి నిజంగా బలం కావాలి. వియన్నా కంపెనీ థోమాస్టిక్ ఇన్ఫెల్డ్ వారి జాజ్ ఫ్లాట్స్ దీనికి పూర్తిగా అటువైపు: 43, 56, 70, 100, లాగుడు చాలా తక్కువ, వేలు పెడితే వంగుతుంది. గమకం పలికించాలనుకునే వాళ్లకు ఇంతకు మించింది నేను చూడలేదు. కానీ గట్టిగా మీటే అలవాటున్న వాళ్ల చేతిలో అవి ఫ్రెట్లకు కొట్టుకుని గిలగిలమంటాయి, ధర కూడా గుండె పట్టుకునేలా ఉంటుంది.

ధర గురించి నిజమే ఒప్పుకోవాలి, మామూలు రౌండ్ సెట్టుకు ఫ్లాట్ సెట్టు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా పైన. మన ఊళ్లో దుకాణంలోకి వెళ్లి అడిగితే సాధారణంగా ఉండవు, చెన్నై నుంచి తెప్పించుకోవాలి లేదా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాలి. కానీ రౌండ్ తీగల్ని మార్చాల్సినప్పుడల్లా మార్చే వాడు, అంటే సిసలైన ఆ మెరుపు కోసమే రౌండ్ వాడేవాడు, ఏడాదికి పెట్టే ఖర్చు లెక్కేస్తే ఫ్లాట్సే చవక. అవి ఏళ్లు నిలుస్తాయి, ఫ్రెట్లను కూడా తక్కువ అరగదీస్తాయి.

కొనే ముందు చూడాల్సిన ఇంకో కొలత, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మీ గిటార్ స్కేలు, అంటే తీగ మోగే భాగం పొడవు, ఎంత? మామూలు బేస్ 34 అంగుళాలు. హాఫ్నర్ వయొలిన్ బేస్ లాంటి పొట్టివి 30 అంగుళాల దగ్గర ఉంటాయి. తీగ రెండు చివర్లా రంగుదారం చుట్టి ఉంటుంది కదా, బ్రిడ్జి వైపు ఆ దారం శాడిల్ (బ్రిడ్జిలో తీగ ఆనుకునే చిన్న ముక్క) మీదికి రాకూడదు, తల వైపు దారం నట్ (నెక్ చివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) దాటి ఫ్రెట్‌బోర్డు మీదికి రాకూడదు. అలాగని తల వైపు అసలు లావు భాగమే పోస్టు (తీగ చుట్టుకునే కడ్డీ) దాకా వచ్చేంత పొడుగు తీగ కూడా కొనకూడదు, ఆ లావు పోస్టు చుట్టూ మెలి తిరిగితే చుట్టు విచ్చుకుంటుంది. తీగ బాడీ వెనక నుంచి దూర్చే రకం గిటార్ అయితే కంపెనీ ఏం రాసిందో ప్యాకెట్ మీద చదవండి, చాలా ఫ్లాట్ తీగలకు ఆ పదునైన వంపు పడదు. వీలుంటే బ్రిడ్జి వెనక నుంచే వేయండి.

ఇక బిగించడం. అసలు గొడవంతా ఇక్కడే.

ఆ మధ్య చిత్తూరు నుంచి ఒక కుర్రాడు కొత్త ఫ్లాట్ సెట్టు వేయించుకున్న గిటార్ పట్టుకొచ్చాడు. ఇ తీగ మూగగా ఉంది, పైకి పోయేకొద్దీ శ్రుతి తప్పుతోంది. ఎక్కడ వేయించాడో అక్కడ తీగను ముందు కటింగ్ ప్లేయర్‌తో తెగ్గోసి, తర్వాత పోస్టులో దూర్చి చుట్టారు. ఫ్లాట్ తీగను అలా కోస్తే రిబ్బన్ పట్టు వదిలి కోర్ మీద జారుతుంది, ఆ వదులు తీగ పొడుగునా పాకుతుంది, ఇక ఆ తీగను ఎవరూ బాగుచేయలేరు. వరస ఇది: తీగను బ్రిడ్జిలో దూర్చి, దాని పోస్టు దాకా లాగి, ఇంకో నాలుగైదు అంగుళాలు, అంటే ఇంచుమించు రెండు పోస్టుల దూరం వదిలి, అక్కడ ప్లేయర్‌తో పట్టుకుని నిటారుగా తొంభై డిగ్రీలు వంచాలి. వంపు పడ్డ తర్వాత, వంపుకు అవతల ఒక సెంటీమీటరు పైన వదిలి, అప్పుడు కోయాలి. వంపు దగ్గర చుట్టు కోర్‌ను కరిచిపట్టుకుంటుంది, ఇక జారదు. ఆ వంచిన చివరను ఫెండర్ తరహా పోస్టు అయితే నడిమధ్య గుంతలో పెట్టి, పై నుంచి కిందికి రెండు మూడు చుట్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. ఎ తీగను పోస్టు మొదలుదాకా కిందికి దించి చుడితే నట్ దగ్గర తగిన వంపు వస్తుంది, లేకపోతే ఖాళీ ఎ తీగ సన్నగా జివ్వుమంటుంది.

చుట్టేటప్పుడు తీగ మెలి పడకూడదు. రౌండ్ తీగ కొంచెం ఓర్చుకుంటుంది, ఫ్లాట్ అస్సలు ఓర్చుకోదు. చివర వంచే ముందు తీగను చేతిలో వదులుగా వదిలి, దాని సహజమైన వాటం ఎటో చూసి, ఆ వాటంలోనే పోస్టులో పెట్టండి. శ్రుతి కొంచెం పట్టాక శాడిల్ ముందు, నట్ ముందు బొటనవేలితో తీగను మెల్లగా కిందికి నొక్కండి. గట్టి తీగ కదా, శాడిల్ మీద నుంచి విల్లులా లేచి వస్తుంది, ఆ వంపును మనమే సరిచేయాలి, లేకపోతే తీగ ఎక్కడ మొదలవుతుందో దానికే తెలియదు, శ్రుతి ఎంత సరిచేసినా తప్పుతూనే ఉంటుంది.

నట్ గాడి సంగతి మర్చిపోవద్దు. సన్న తీగకు కోసిన గాడిలో లావు ఫ్లాట్ తీగ కూరుకుపోతే ట్యూనింగ్ కీ తిప్పుతుంటే కదలదు, ఉన్నట్టుండి టిక్కుమని ఒక్కసారి ఎగురుతుంది. శ్రుతి నిలవదన్న నింద పుట్టేది ఇక్కడే. గాడిని కొంచెం వెడల్పు చేయాలి, అడుగు లోతు పెంచకుండా. ప్రత్యేకమైన ఆకురాయి లేకపోతే పాత రౌండ్ తీగ ముక్క చుట్టూ సన్న ఎమెరీ కాగితం చుట్టి మెల్లగా రుద్దండి, తర్వాత పెన్సిల్ ముల్లు పొడి కాస్త రాయండి.

తర్వాత నెక్. నాలుగు తీగలు కలిసి నెక్‌ను ఇంచుమించు 70 నుంచి 90 కిలోల బలంతో లాగుతుంటాయి. బరువైన ఫ్లాట్స్ వేస్తే ఆ లాగుడు పెరిగి నెక్ ముందుకు వంగుతుంది, తీగలు ఫ్రెట్ల నుంచి పైకి లేస్తాయి, వేళ్లు నొప్పి పుడతాయి. తీగను తిట్టుకుంటూ గిటార్ పక్కన పెట్టేసేది ఈ స్థితిలోనే, ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండే ఉక్కు కడ్డీ) పావు వంతు తిప్పి ఉంటే సరిపోయేది. తక్కువ టెన్షన్ థోమాస్టిక్ వేస్తే దీనికి తిరగబడి, నెక్ వెనక్కి పోయి కింది ఫ్రెట్లలో తీగ కొట్టుకుంటుంది, అప్పుడు రాడ్ వదులు చేయాలి. కొలిచే పద్ధతి: శ్రుతిలో ఉన్నప్పుడు మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కిపెట్టే క్లిప్పు) పెట్టి, చిట్టచివరి ఫ్రెట్ దగ్గర వేలితో నొక్కి, ఎనిమిదో ఫ్రెట్‌కూ తీగ అడుగుకూ మధ్య సందు చూడాలి. ఫెండర్ కంపెనీ మామూలు నెక్‌లకు చెప్పే లెక్క 0.012 అంగుళాలు, అంటే 0.3 మిల్లీమీటర్లు. దీనికి ఫీలర్ గేజ్ కావాలి, అది మ్యూజిక్ షాపులో అడగక్కర్లేదు, బండ్ల మెకానిక్‌లు ట్యాపెట్లు సెట్ చేయడానికి వాడేది అదే, ఆటోమొబైల్ స్పేర్స్ కొట్లో దొరుకుతుంది. తీగల్ని కొంచెం వదులు చేసి, సరైన సైజు అలెన్ కీతో, రాడ్ చివరి నట్టుకు ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపుకు తిప్పితే బిగుసుకుని నెక్ నిటారవుతుంది. ఒకసారికి పావు చుట్టు మించొద్దు. మళ్లీ శ్రుతి చేసి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున కొలవండి, చెక్క నిదానంగా సర్దుకుంటుంది. గట్టిగా బిగుసుకుపోయి కదలకపోతే బలప్రయోగం చేయకుండా తెలిసిన వాళ్ల దగ్గరికి తీసుకుపోండి, ఆ రాడ్ తెగితే నెక్ ఖర్చు.

నెక్ కుదిరాకే తీగ ఎత్తు చూడాలి, ముందు కాదు. పదిహేడో ఫ్రెట్ దగ్గర ఇ తీగ కింద 2.4 మిల్లీమీటర్లు, జి తీగ కింద 2 మిల్లీమీటర్లు మొదటి కొలతగా పెట్టుకోండి, ఫ్లాట్స్ మీద ఇంకాస్త దించినా చాలామందికి నడుస్తుంది, ఎందుకంటే తీగ బిగువుగా ఉండటంతో ఊగుడు తక్కువ. చివరికి ఇంటోనేషన్, అంటే ఫ్రెట్ల మీద నొక్కినా శ్రుతి సరిపోవడం: పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), అదే ఫ్రెట్ నొక్కి పలికిన స్వరం, రెండూ ట్యూనర్లో ఒకటిగా రావాలి. నొక్కినది ఎక్కువొస్తే శాడిల్ వెనక్కి, తక్కువొస్తే ముందుకు. రౌండ్ తీగలకు పెట్టిన స్థానం ఫ్లాట్స్‌కు సరిపోతుందని అనుకోకండి, దాదాపు ఎప్పుడూ సరిపోదు.

ఇంతా చేశాక మొదటి రోజుల్లో శబ్దం నచ్చకపోవచ్చు. కొత్త ఫ్లాట్స్‌లో కూడా ఒక గరగర ఉంటుంది, అది తగ్గి కుదురుకోవడానికి కొంతకాలం వాయించాలి. ఆంప్ మీద ట్రెబుల్ పూర్తిగా పెంచి రౌండ్ శబ్దం తెప్పించాలని చూడటం మాత్రం దండగ పని, వచ్చేది బుస్సుమనే చప్పుడే. దానికి బదులు మిడ్స్ కొంచెం పెంచండి, 400 నుంచి 800 హెర్ట్జ్ మధ్య ఎక్కడో మీ గిటార్ గొంతు దొరుకుతుంది. పికప్ (తీగల కింద ఉండే, శబ్దాన్ని అందుకునే భాగం) మరీ దగ్గరగా ఉంటే ఇ తీగ మిగతా మూడింటినీ మింగేస్తుంది, ఆ వైపు స్క్రూ కాస్త దించండి. ప్రోగ్రాం అయ్యాక పొడిగుడ్డతో తీగ పైనా కిందా తుడిచి కేసులో పెట్టండి, నూనెలూ పెట్రోలూ వద్దు. విప్పిన పాత రౌండ్ సెట్టు తెగకుండా ఉంటే చుట్టచుట్టి కవర్లో ఉంచుకోండి, ఆరునెలల తర్వాత కూడా ఫ్లాట్స్ మీ చేతికి పడకపోతే తిరిగి వేసుకోవచ్చు, కాకపోతే నెక్కూ శాడిళ్లూ మళ్లీ మొదటినుంచి సెట్ చేయాల్సిందే.